నాచును మేసే నీటి పశువులు

పొలం పచ్చగా ఉంటే రైతుకు సంతోషం. చెరువు నీరే పచ్చబడితే మాత్రం చేపలు పట్టేవారికి దిగులు. ఎందుకో తెలుసా పిల్లలూ?

పూర్వం మహబూబ్‌నగర్ జిల్లాలోనూ, ఇప్పుడు వనపర్తి జిల్లాలోనూ ఉన్న ఆత్మకూర్ వంటి మెట్ట ప్రాంతాల్లో చెరువులు ఎక్కువగా వానల మీదే ఆధారపడతాయి. ఎండాకాలంలో వాటి నీరు తగ్గుతుంది. పొలాల నుంచి కొట్టుకొచ్చిన ఎరువు, పశువుల పేడ, ఊరి మురుగు ఆ కాస్త నీటిలోనే మిగులుతాయి. వాటిలో నత్రజని, భాస్వరం ఉంటాయి. పైన ఎండ ఉండనే ఉంది. నాచుకు ఇంకేం కావాలి? కంటికి కనిపించనంత చిన్న నాచుకణాలు కోట్లకొద్దీ పెరిగి, నీరంతా పచ్చరంగు కలిపినట్టు అవుతుంది.

పగలు ఈ నాచు సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకుంటూ ప్రాణవాయువును నీటిలోకి వదులుతుంది. రాత్రి ఎండ ఉండదు. అప్పుడు నాచు కూడా చేపల్లాగే ప్రాణవాయువును పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజాముకు నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. మరీ తగ్గితే చచ్చిపోతాయి. నీలి ఆకుపచ్చ నాచులో కొన్ని రకాలు విషాన్ని కూడా తయారుచేస్తాయి. అటువంటి నీరు తాగితే పశువులకే ప్రమాదం.

మరి ఈ నాచును తినేవారు లేరా? ఉన్నారు! నేలమీద గొర్రె గడ్డిని కొరుకుతుంది, మేక ఆకులు అందుకుంటుంది. నీటిలోనూ అంతే, ఎవరి నోటికి తగిన మేత వారిది. నత్త నాలుకమీద ఆకురాయి గరుకులాగా వరుసలు వరుసలుగా సన్నని పళ్ళుంటాయి. వాటితో రాళ్ళకు అంటుకున్న నాచును గీకి తింటుంది. నీటిలో తేలే నాచుకణాలు దానికి అందవు. వెండిచేపకు అవే మేత. దాని మొప్పల దగ్గర సన్నని జల్లెడ ఉంటుంది. నీరు అందులోంచి పోతుంటే నాచుకణాలు ఆగిపోతాయి. గడ్డిచేపకు నీటి మొక్కలంటే ఇష్టం. వెండిచేపను జపాన్ నుంచి, గడ్డిచేపను హాంకాంగ్ నుంచి 1959లో మన దేశానికి తెచ్చారు.

వెండిచేప నిజంగా పనిచేస్తుందా? చైనాలోని వూహాన్ నగరంలో దోంగ్‌హు అనే పెద్ద సరస్సు ఉంది. 1970ల నుంచి ప్రతి వేసవిలోనూ దాని మీద నీలి ఆకుపచ్చ నాచు దట్టంగా తేలేది. 1985లో అది హఠాత్తుగా మాయమయింది. అప్పటికి ఆ సరస్సులో వెండిచేపలను, వాటి దగ్గరి చుట్టాలైన పెద్దతల చేపలను బాగా పెంచుతున్నారు. తర్వాత శాస్త్రజ్ఞులు సరస్సులో కొంత భాగానికి అడ్డుకట్టి, చేపలు రాకుండా చేసి చూశారు. నాచు మళ్ళీ వచ్చింది! అంటే నీటిలో ఎరువు తగ్గలేదు. చేపలు నాచును పెరగనివ్వలేదంతే.

ఉప్పునీటిలోనూ ఇదే కథ. సముద్రపు చేపలను గాజుతొట్టెలో పెంచేవారికి నాచు పెద్ద తలనొప్పి. గాజుమీది పొరను గీకడానికి సముద్రపు నత్తలను, రాళ్ళమీది నాచును మేయడానికి సీ అర్చిన్‌లను వదులుతారు. సీ అర్చిన్ ముళ్ళబంతిలా ఉండే జీవి. ఇది సముద్రంలో ఎంత పని చేస్తుందో 1983లో తెలిసింది. ఆ సంవత్సరం పనామా తీరంలో నల్లని పొడుగు ముళ్ళ సీ అర్చిన్‌లకు ఏదో జబ్బు వచ్చింది. ఏడాది తిరిగేసరికి కరీబియన్ సముద్రంలో నూటికి 90కి పైగా చనిపోయాయి. జమైకా తీరంలో నాచు తినే చేపలను మనుషులు అప్పటికే విపరీతంగా పట్టేశారు. 1980లో తుఫాను పగడాల దిబ్బలను దెబ్బతీసింది. ఇక నాచును మేసేదెవరు? 1977లో అక్కడి దిబ్బల్లో సగం మేర పగడాలుండేవి. 1993 నాటికి నూటికి మూడు వంతులే మిగిలాయి. మిగతా చోటంతా దాదాపుగా నాచే!

అయితే మేసే జంతువులను వదిలితే చాలు, పని అయిపోయినట్టేనా? ఇక్కడే ఒక చిక్కుంది. మేక తిన్న ఆకు పెంటికలై మళ్ళీ నేలకే చేరుతుంది కదా? చేప తిన్న నాచు కూడా అంతే. కొంత దాని ఒంట్లో కండ అవుతుంది. మిగతాది విసర్జన రూపంలో నీటిలోకే వస్తుంది. అందులో భాస్వరం ఉంటుంది. ఒక గ్రాము భాస్వరం ఉంటే, ఎండబెట్టి తూచినా సుమారు 100 గ్రాముల నాచు పెరగగలదు! అందుకే ఎరువు నీటిలో ఉన్నంతకాలం నాచు మళ్ళీ మొలవడానికి కాచుకునే ఉంటుంది.

చెరువులో ఎదిగిన చేపలను పట్టి బయటికి తీస్తాం. వాటి ఒంట్లోని భాస్వరం కూడా వాటితోపాటే బయటికి వస్తుంది. గాజుతొట్టెలో అలా కాదు. కొంత నీటిని అప్పుడప్పుడు మార్చాలి, మేత తక్కువగా వేయాలి, ఎండ నేరుగా పడకుండా చూడాలి. ఊళ్ళోనైతే మురుగును చెరువులోకి రానివ్వకపోవడమే అన్నిటికన్నా ముందు చేయవలసిన పని.

మీరే చేసి చూడండి

పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళి కొంచెం పచ్చని చెరువు నీరు, నాచుపట్టిన గులకరాళ్ళు, మూడు చిన్న నత్తలు తెచ్చుకోండి. ఒకే రకమైన మూడు గాజు సీసాల్లో నీటిని, రాళ్ళను సమానంగా వేయండి. మొదటిదాన్ని అలాగే ఉంచండి. రెండోదానిలో నత్తలను వదలండి. మూడోదాని చుట్టూ నల్లకాగితం చుట్టండి. మూతుల మీద పలుచని గుడ్డ కట్టి, వెలుతురు వచ్చే కిటికీ దగ్గర పెట్టండి. ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోండి.

రెండు వారాలపాటు రోజూ చూసి రాసుకోండి. నత్తలున్న సీసాలో రాళ్ళు శుభ్రపడ్డాయా? నీటి రంగు కూడా తగ్గిందా, లేక అలాగే ఉందా? తర్వాత నత్తలను తెచ్చిన చెరువులోనే వదిలేయండి. మూడో సీసా నల్లకాగితం తీసి మరో రెండు వారాలు చూడండి. వెలుతురు పడగానే ఏమవుతుంది? ముందే ఊహించి రాసుకోండి. ఊహ నిజమయిందో లేదో సీసాయే చెబుతుంది.