మెల్లగా ఎక్కడానికి పుట్టిన సైకిలు

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, 2,700 మీటర్ల ఎత్తున ఉన్న ఒక లోయలో, క్రెస్టెడ్ బ్యూట్ అనే పాత గనుల ఊరుంది. మన తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం కూడా 1,700 మీటర్లు దాటదు. అంటే ఆ లోయ అడుగు భాగమే మన శిఖరాలకు మరో వెయ్యి మీటర్లు పైన ఉందన్నమాట. అక్కడి నుంచి 3,872 మీటర్ల పర్ల్ పాస్ కనుమ ఎక్కి అవతలికి దిగితే ఆస్పెన్ వస్తుంది. రాళ్లూ మట్టీ కలిసిన ఈ దారి పొడవు సుమారు 60 కిలోమీటర్లు. దీన్ని మౌంటెన్ బైకు మీద దాటాలనుకునేవాళ్లు ముందుగా ఆలోచించేది బైకు గురించే: ఏ కంపెనీది కొనాలి, ఎంత తేలికగా ఉండాలి, ఎంత ఖర్చవుతుంది. ఆ యంత్రం పుట్టుక తెలిస్తే ఆలోచన మరో చోట మొదలవుతుంది. మౌంటెన్ బైకు నెమ్మదిగా ఎక్కడానికీ, నమ్మకంగా ఆగడానికీ రూపు దిద్దుకున్న యంత్రం. ప్రయాణాన్ని కూడా ఆ నెమ్మది చుట్టూనే అల్లుకోవాలని నా వాదన.

దీనికి వెంటనే ఎదురయ్యే అభ్యంతరం చరిత్రలోనే ఉంది. ఈ బైకు పుట్టింది కిందికి దూసుకుపోయే పందెంలో కదా? నిజమే. శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు 1930ల, 40ల నాటి ష్విన్ సైకిళ్లను వెతికి తెచ్చుకునేవారు. ఆ కంపెనీ 1933లో తెచ్చిన లావుపాటి బెలూన్ టైర్లు రాళ్ల దారిని తట్టుకునేవి. 1976 అక్టోబరులో వాళ్లు ఒక నిటారైన మట్టి రోడ్డు మీద, గడియారం పట్టుకుని, పందెం మొదలుపెట్టారు. దాదాపు మూడున్నర కిలోమీటర్ల దూరంలో దారి 400 మీటర్లు దిగిపోతుంది. మనిషి, సైకిలు కలిపి 90 కిలోలనుకుంటే ఆ దిగుడులో విడుదలయ్యే శక్తి మూడున్నర లక్షల జౌళ్లు, అంటే లీటరు చన్నీళ్లను మరిగించి కాస్త మిగిలేంత. అందులో కొంత గాలి పట్టుకుంటుంది, మిగిలినదానిలో చాలా భాగాన్ని బ్రేకే మింగాలి. ఆ పాత సైకిళ్లలో బ్రేకు వెనక చక్రం హబ్బులో ఉండేది, పెడల్ వెనక్కి తొక్కితే పట్టేది. ఒక్క దిగుడుకే లోపలి గ్రీజు కాగి పొగలుగా పోయేది, మళ్లీ హబ్బు విప్పి కొత్త గ్రీజు కూరాల్సి వచ్చేది. పందేనికి రీప్యాక్ అన్న పేరు ఆ పని వల్లే వచ్చింది. ఇంకా వేగంగా పోవడం వాళ్లకు సమస్య కాలేదు, వేగాన్ని కొండ ఉచితంగా ఇచ్చింది. అది ఇవ్వనిది అదుపు. అందుకే వాళ్లు మోటారు సైకిలు బ్రేకు పిడులూ డ్రమ్ బ్రేకులూ తగిలించుకున్నారు. పందెంలో సమయం తగ్గించిందీ అవే, ఎందుకంటే ఆగగలనన్న ధీమా ఉన్నవాడే మలుపు దాకా వేగం వదలకుండా వెళ్లగలడు.

రెండో సగం ఎక్కడం. ఒకే గేరున్న ష్విన్‌లో పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం రెండు చుట్లకు పైగా తిరిగేది. దానితో కొండ ఎక్కడం అసాధ్యం కాబట్టి సైకిళ్లను ట్రక్కులో వేసుకునో, తోసుకుంటూనో పైకి చేర్చేవారు. 1974 డిసెంబరులో క్యూపర్టినో నుంచి కొందరు అలాంటి లావు టైర్ల సైకిళ్లకే గేర్లు బిగించుకుని మారిన్‌లో ఒక పోటీకి వచ్చారు. మారిన్ వాళ్లలో గ్యారీ ఫిషర్ తన పాత ష్విన్‌కి గేర్లు అమర్చుకున్నాడు. 1977లో జో బ్రీజ్ ఈ పని కోసమే కొత్తగా ఒక ఫ్రేము కట్టాడు. 1979లో ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి, టామ్ రిచీ కట్టిన ఫ్రేములతో, మౌంటెన్ బైక్స్ అన్న దుకాణం తెరిచారు. రెండేళ్లకు పెద్ద ఎత్తున తయారైన స్టంప్‌జంపర్ అనే మౌంటెన్ బైకు మార్కెట్లోకి వచ్చింది. ఈలోగా క్రెస్టెడ్ బ్యూట్ వాసులు 1976లోనే తమ ఒంటి గేరు సైకిళ్లతో పర్ల్ పాస్ దాటి ఆస్పెన్ చేరారు, చాలా దూరం తోసుకుంటూనే. 1978లో మారిన్ వాళ్లు గేర్ల సైకిళ్లతో వచ్చి వాళ్లతో కలిశారు. రెండు రకాల సైకిళ్లకూ అదే కొండ పరీక్ష పెట్టింది, ఎక్కుడులో గేర్లున్నవాళ్లు తోయాల్సిన దూరం తగ్గింది.

గేరు చేసే మేలును లెక్కలో చూడవచ్చు. ఓ మాదిరి అలవాటున్న మనిషి గంటల తరబడి 150 వాట్ల శక్తితో తొక్కగలడనుకుందాం. 90 కిలోల బరువును ఆ శక్తి సెకనుకు 17 సెంటీమీటర్లు పైకెత్తుతుంది. నూటికి పది వాలున్న దారిలో అది సెకనుకు 1.7 మీటర్లు ముందుకు పోవడం. నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పితే, ఇప్పటి పెద్ద చక్రం ఒక్కో తొక్కుకి ముప్పావు చుట్టే తిరగాలి. పర్ల్ పాస్ దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు 63 శాతం. అలవాటు లేని ఒంట్లో ఆక్సిజన్ వాడుకునే శక్తి ఐదో వంతో, అంతకన్నా ఎక్కువో పడిపోతుంది. 150 వాట్లు 120 అయితే చక్రం ఒక్కో తొక్కుకి సుమారు 0.6 చుట్టే తిరగాలి. ముందు 30 పళ్లు, వెనక 51 పళ్లు ఉన్న నేటి గేరు సరిగ్గా అంతే ఇస్తుంది. డబ్బు పోసి రెండు కిలోలు తేలికైన బైకు కొంటే మోసే బరువులో తగ్గేది రెండు శాతం, ఎత్తు లాక్కునేది ఇరవై శాతం. అందుకని పథకంలో బరువు కన్నా వెనక పళ్ల చక్రం సైజు ముందు చూసుకోవాలి. బాగా సాధన చేస్తే ఎత్తును గెలవవచ్చు కదా అంటారు. సాధన మొదటి అంకెను పెంచుతుంది, తగ్గే శాతాన్ని ఆపదు. ఆరితేరిన క్రీడాకారుల్లో ఆ తగ్గుదల సామాన్యుల కన్నా ఎక్కువగా ఉండటం కూడా కద్దు.

పలుచటి గాలి ఎదురు తోపు తగ్గిస్తుంది, అది లాభం కాదా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. గంటకు ఆరు కిలోమీటర్ల ఎక్కుడులో ఎదురుగాలి లెక్కలోకే రాదు. దిగుడులో మాత్రం గాలి ఆపాల్సిన శక్తిలో కొంత బ్రేకు మీద పడుతుంది, అదే పలుచటి గాలి బ్రేకును చల్లార్చడంలోనూ వెనకబడుతుంది. రీప్యాక్ నాటి వేడి సమస్య ఈ ఎత్తులో రెండు వైపుల నుంచీ తిరిగి వస్తుంది. డిస్కు బ్రేకు వేడిని హబ్బులో బంధించకుండా బయటి గాలికి వదులుతుంది కాబట్టి చాలా మెరుగు, అయినా పెద్ద డిస్కులు, కొత్త ప్యాడ్లు ఇక్కడ అవసరం.

ఇక మోటారున్న ఈ-బైకు. మోటారుకు ఆక్సిజన్ అక్కర్లేదు, కాబట్టి నేను చెప్పిన లెక్కను అది నిజంగానే మారుస్తుంది. ఊపిరితిత్తులనూ మెదడునూ మాత్రం మార్చలేదు. తలనొప్పి, వికారం, నిద్రలేమితో మొదలయ్యే ఎత్తు జబ్బు 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా రావచ్చు. క్రెస్టెడ్ బ్యూట్‌లో పడుకోవడమే ఆ గీత దాటడం. త్వరగా పైకి చేర్చే యంత్రం ఈ ప్రమాదాన్ని పెంచుతుంది కూడా. పైగా అక్కడి జాతీయ అటవీ దారుల్లో మోటారు నిషేధమున్న చోట సాధారణంగా ఈ-బైకుకీ ప్రవేశం లేదు, పక్కనే ఉన్న మెరూన్ బెల్స్ అభయారణ్యంలోనైతే ఏ సైకిలూ వెళ్లకూడదు. కనుక 1,600 మీటర్ల డెన్వర్‌లో ఒక రాత్రి, లోయలో తేలికపాటి తొక్కుడుతో మూడు నాలుగు రోజులు గడిపాకే కనుమ వైపు కదలాలి. పర్ల్ పాస్ మీద మంచు తరచు జూలై దాకా ఉంటుంది, జూలై, ఆగస్టు మధ్యాహ్నాల్లో ఉరుములు మెరుపులు మామూలు, చెట్లు లేని ఆ శిఖరాల మీద పిడుగుకు అడ్డేమీ ఉండదు. ఊరి నుంచి కనుమకు ఎక్కాల్సింది దాదాపు 1,160 మీటర్లు. 120 వాట్లతో ఆగకుండా పోతే రెండున్నర గంటలు, వదులు రాళ్లలో తోయడం, ఆగి ఊపిరి తీసుకోవడం కలిపితే ఐదు గంటలనుకోవడం మంచిది. పదకొండు కల్లా కనుమ దాటి ఉండాలంటే ఆరింటికే బయల్దేరాలి. ఎనిమిదిన్నరకు సగం ఎత్తు కూడా ఎక్కకపోతే అక్కడి నుంచే వెనక్కి తిరిగేట్టు ముందే ఒప్పందం చేసుకోవాలి.