దోమ ముఖభాగాలు

దోమ ముఖభాగాలు గుచ్చి పీల్చే రకానికి చెందినవి. ఒకే సూదిలా కనిపించే ఆడదోమ తుండంలో నిజానికి ఆరు సూదులు ఉంటాయి: పై పెదవి, రెండు హనువులు, రెండు జంభికలు, అధోగ్రసని. వీటికి ఒర వంటిదైన క్రింది పెదవి చర్మంలోకి దిగదు, వెనుకకు వంగిపోతుంది. రంపపు పళ్ళుగల జంభికలు చర్మాన్ని కోస్తాయి. పై పెదవి గాడి గుండా రక్తం పైకి వస్తుంది. అధోగ్రసనిలోని సన్నని నాళం గుండా లాలాజలం క్రిందికి దిగి రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. దురదకు కారణం కూడా ఇదే. విశాఖ మన్యాన్ని చిరకాలంగా పీడించిన మలేరియా పరాన్నజీవి ఎనాఫిలిస్ ఆడదోమ నుండి మనిషిలోకి ప్రవేశించేది ఈ లాలాజలంతోనే. అంటే దోమ పీల్చే రక్తం కంటే విడిచే ఉమ్మే ప్రమాదకరం. సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఈ పరాన్నజీవిని దోమ జీర్ణాశయపు గోడలో చూశాడు. అది లాలాజల గ్రంథులను చేరుతుందని 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై నిరూపించాడు. మగదోమల కోత సూదులు క్షీణించి ఉంటాయి కనుక అవి కుట్టవు. పూల మకరందంతో బ్రతుకుతాయి.