రుసుముల పట్టికను చదువుట

భారత, సోవియట్ ప్రభుత్వముల నడుమ 1955 ఫిబ్రవరి 2వ తేదీన కుదిరిన ఒడంబడికవలన పుట్టి, 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారి చేతులమీదుగా తన మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించుకొన్న భిలాయి ఉక్కు కర్మాగారము, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పనికై తరలివచ్చిన తెలుగు కుటుంబములకు కూడును, గూడును, గౌరవమును కల్పించినది. సెక్టరు 5లోని బాలాజీ మందిరమును, దానిని కనిపెట్టుకొనియున్న ఆంధ్ర సాహిత్య సమితిని చూచినవారికి ఆ కుటుంబములు ఈ ఛత్తీస్‌గఢ్ గడ్డపై ఎంత లోతుగా వేరూనినవో వేరుగ చెప్పనక్కరలేదు. వారిలో మొదటి తరమువారు పదవీవిరమణనాడు చేతికందిన ప్రావిడెంటు ఫండును, గ్రాట్యుటీని బ్యాంకులో డిపాజిటు చేసికొని, ఆ వడ్డీతో కాలము గడపిరి. వారి మనుమల చేతిలోని ఫోనులో నేడు షేర్లు, ఆప్షనులు, క్రిప్టోలు ఒకే తెరపై పక్కపక్కనే కనబడుచున్నవి. వానిపై బేరము చేయుటకు ఒక్క వ్రేలి తాకిడి చాలును. ఆ తాకిడి వెనుక ఎక్స్ఛేంజి యను సంస్థ ఏమి పుచ్చుకొనుచున్నది, ఎవరికేమి ఇచ్చుచున్నది, ఆ ఇచ్చిపుచ్చుకోళ్లను ఏల మాటిమాటికి మార్చుచున్నది అను విషయమును మాత్రము చెప్పువారు అరుదు. దానిని గూర్చి, దూరదేశమున నిటీవల పుట్టిన ఒక సరికొత్త సరకును ఉదాహరణముగా గైకొని, ఇచట వివరింపదలచితిని.

ఆ సరకు క్రిప్టో ఫండులపై ఆప్షను. అమెరికాలో బిట్‌కాయిన్‌ను నేరుగా కొని నిలువచేయు ఫండులకు అచటి సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2024 జనవరి 10వ తేదీన అనుమతి నొసగగా, మరునాటినుండియే అవి షేర్లవలె చేతులు మారసాగినవి. అట్టివానిలో అగ్రగణ్యమైనది బ్లాక్‌రాక్ సంస్థవారి ఐషేర్స్ బిట్‌కాయిన్ ట్రస్టు. ఆ ఫండు యూనిట్లను నిర్ణీతమైన ధరకు, నిర్ణీతమైన గడువులోపల కొనుటకో అమ్ముటకో గల హక్కును ప్రీమియం చెల్లించి సంపాదించుటయే ఆప్షను. ఒక కాంట్రాక్టు 100 యూనిట్లకు సమానము. ఈ ఆప్షనులకు 2024 సెప్టెంబరు 20న అనుమతి లభించి, నవంబరు 19న నాస్‌డాక్‌లో వ్యాపారము మొదలుకాగా, తొలినాడే సుమారు 3,54,000 కాంట్రాక్టులు చేతులు మారినవి. వాని వెనుకనున్న ఆస్తి విలువ సుమారు 190 కోట్ల డాలర్లు. ఈథర్ అను మరొక క్రిప్టో ఫండులపై ఆప్షనులకు 2025 ఏప్రిల్‌లో అనుమతి వచ్చినది.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. అమెరికాలో ఆప్షను వ్యాపారము నడపు ఎక్స్ఛేంజీలు ఒకటి రెండు కావు; 2024 ఆగస్టులో మయాక్స్ సఫైర్ తెరువబడుటతో వాని సంఖ్య 18కి చేరినది. ఒకే ఫండుపై ఒకే ఆప్షనును ఇవన్నియు అమ్మకమునకు పెట్టవచ్చును. ఎచట కొన్నను పరిష్కారము చేయు క్లియరింగు సంస్థ ఒక్కటియే. కనుక సరకునందు భేదములేని ఈ అంగళ్ల నడుమ పోటీ యంతయు రెండు విషయములమీదనే నడచును: ఎంత రుసుము పుచ్చుకొందురు, ఎవరికి ఎంత తిరిగి యిత్తురు. రుసుముల పట్టిక వారికి కేవలము ఆదాయపు లెక్క కాదు. అది పోటీదారుని తలుపునుండి ఆర్డర్లను తనవైపు త్రిప్పుకొను సాధనము.

ఆ సాధనము పనిచేయు తీరు కొంత నిదానముగ గ్రహింపవలసినది. ఏ ఆప్షనుకైనను కొనుదునను ధరయు, అమ్ముదునను ధరయు ఎల్లవేళల చూపుచు కూర్చుండువారు కొందరు కావలెను. వారిని మార్కెట్ మేకర్లందురు. వారు లేనిచో, కొనవచ్చినవానికి అమ్మువాడు దొరకడు, దొరికినను అతడు చెప్పిన ధరకే తలయొగ్గవలసివచ్చును. వారిని రప్పించుటకై అనేక ఎక్స్ఛేంజీలు, ధర చూపి వేచియున్న ఆర్డరునకు కొంత సొమ్ము తామే యిచ్చి, ఆ ధరను వెంటనే అందుకొన్నవానివద్ద దానికంటె ఎక్కువ వసూలు చేయును. వేచినవానికి కాంట్రాక్టునకు 25 సెంట్లు ఇచ్చి, తొందరపడినవానివద్ద 50 సెంట్లు పుచ్చుకొన్నచో, నడుమనున్న 25 సెంట్లు ఎక్స్ఛేంజికి మిగులునని ఒక ఊహా లెక్క వేసికొనవచ్చును. మరికొన్ని ఎక్స్ఛేంజీలు ఇందుకు విరుద్ధమైన పద్ధతి ననుసరించును: సామాన్య ఖాతాదారునివద్ద ఏమియు పుచ్చుకొనక, అతని ఆర్డరుతో బేరమాడు మార్కెట్ మేకరువద్ద మార్కెటింగు రుసుము వసూలుచేసి, ఆ సొమ్మును ఆర్డర్లు పంపిన బ్రోకర్లకు అందునట్లు చేయును. ఖాతాదారునికి రుసుము సున్న. కాని అతని ఆర్డరు ఎవరి చేతికి పోవలెనను నిర్ణయము మాత్రము సొమ్ముతోనే జరుగుచున్నది.

కొత్త సరకు మార్కెటులోనికి వచ్చినప్పుడు ఈ పట్టికలు మార్పునకు లోనగుట సహజము. ఆరంభమున ఆ సరకు ధర మెట్లు విశాలముగ నుండును. సాధారణముగా 3 డాలర్లకు లోబడిన ప్రీమియములో మార్పు 5 సెంట్లు, ఆపైన 10 సెంట్లు. లావాదేవీలు మిక్కుటమైనచో ఆ ఆప్షను పెన్నీ పద్ధతిలోనికి చేరి, 3 డాలర్ల లోపల 1 సెంటు, ఆపైన 5 సెంట్ల మెట్లతో నడచును. మెట్టు చిన్నదైనకొలది మార్కెట్ మేకరు లాభము సన్నగిలును. కనుక ఆ రెండు తరగతులకు రుసుములను, బహుమానములను వేరువేరుగా నిర్ణయించుట ఆనవాయితీ. ఇదిగాక, మార్కెటు మొత్తము ఖాతాదారుల వ్యాపారములో ఇంత శాతము తెచ్చిన సభ్యునికి ఇంత, అంతకు మించినవానికి ఇంకొంత అని మెట్లుమెట్లుగా పెంచు ప్రోత్సాహకములు కలవు. విస్తారమైన వ్యాపారముగల కొన్ని ఫండులకు పట్టికలో ప్రత్యేకముగ ఒక వరుసయే కేటాయింతురు. పోటీలేని సరకు సంగతి వేరు: షికాగోలోని సీబో 2024 డిసెంబరు 2న బిట్‌కాయిన్ ఫండుల సూచీపై తన సొంత ఆప్షనులను ప్రవేశపెట్టినది; అట్టివి పరాయి ఎక్స్ఛేంజీలో దొరకవు గనుక, వానిపై రుసుమును నిర్ణయించు స్వేచ్ఛ తయారుచేసినవానికే ఎక్కువ.

ఈ మార్పులకు అనుమతి యెట్లు లభించుననునది నా దృష్టిలో అత్యంత ముఖ్యమైన అంశము. 1934 నాటి అమెరికా చట్టము ప్రకారము ఎక్స్ఛేంజి రుసుములు సహేతుకములై, సభ్యులనడుమ న్యాయముగ పంపిణీ కావలెను. మార్పు వలసినప్పుడు కమిషన్‌కు దాఖలు చేయవలెను. కాని రుసుము మార్పు దాఖలు చేసిన తక్షణమే అమలులోనికి వచ్చును. కమిషన్ 60 దినములలోపల దానిని నిలుపుదల చేయగలదు, అంతే. ముందు అమలు, పిదప విచారణ యన్నమాట. అందువలననే ఒక్కొక్క ఎక్స్ఛేంజి తన పట్టికను పలుమారులు, సాధారణముగా నెల మొదటి తేదీనుండి, సవరించుకొనగలుగుచున్నది. ఎవరెన్ని కాంట్రాక్టులను కైవసము చేసికొనవచ్చునను పరిమితి విషయమున ఇంత చొరవ లేదు: ఐషేర్స్ బిట్‌కాయిన్ ట్రస్టు ఆప్షనులకు ఆరంభమున ఒక్కని పరిమితి 25,000 కాంట్రాక్టులు, అనగా 25 లక్షల యూనిట్లు మాత్రమే, దానిని 2,50,000కు పెంచుటకు 2025 జూలైలో అనుమతి వచ్చినది. పరిమితి పెరిగినచోట పెద్ద సంస్థలు వచ్చును. వారు తెచ్చు వ్యాపారముకొరకు ప్రోత్సాహకములు మరల సవరింపబడును.

ఇదంతయు సముద్రములకు ఆవలి ముచ్చటయని భిలాయివాసి యనుకొనరాదు. మన మార్కెట్ నియంత్రణ సంస్థయగు సెబీ 2011 జూన్ 2వ తేదీన, వ్యాపారము పలుచనైన డెరివేటివులలో ద్రవ్యత పెంచుటకై ఎక్స్ఛేంజీలు ప్రోత్సాహక పథకములు నడపుకొనవచ్చునని అనుమతించినది; ఆ సంవత్సరముననే బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి తన పథకమును ప్రారంభించినది. తరువాత ఆ సొమ్ముకు సంవత్సరపు లాభములతోను, నిల్వలతోను ముడిపెట్టి పరిమితులు విధింపబడినవి. రుసుముల విషయములో మన దేశము చేసిన పని ఇంకను గొప్పది. చిరకాలము మన ఎక్స్ఛేంజీలు ఎక్కువ వ్యాపారము తెచ్చిన బ్రోకరుకు తక్కువ రుసుము వేయుచుండెను. బ్రోకరు చిన్న ఖాతాదారునివద్ద ఎక్కువ రేటున వసూలుచేసి, ఎక్స్ఛేంజికి తక్కువ రేటున చెల్లించి, నడుమ సొమ్మును తాను మిగుల్చుకొనుటకు వీలుండెను. సెబీ 2024 జూలై 1న జారీచేసిన ఉత్తరువువలన, అక్టోబరు 1నుండి ఖాతాదారునివద్ద పుచ్చుకొన్నదెంతయో ఎక్స్ఛేంజికి చేరునదియు అంతయే కావలెను, రేటు అందరికి ఒకటే కావలెను. అప్పుడు నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి ఈక్విటీ ఆప్షనులపై ప్రీమియం కోటి రూపాయలకు 3,503 రూపాయలను ఏకరీతిగ నిర్ణయించినది. అమెరికావలె మెట్లుమెట్లుగా పెద్దవానికి తగ్గించు పద్ధతిని మనము విడిచితిమి. ఈ విషయమున మన మార్గమే న్యాయమని నేను నిస్సంకోచముగ చెప్పుదును.

అయినను రుసుము తక్కువయైనంత మాత్రాన వ్యాపారము చవుక యగుననుట భ్రమ. పదివేల రూపాయల ప్రీమియముపై ఎక్స్ఛేంజి రుసుము మూడున్నర రూపాయలు. అదే ఆప్షను 75 యూనిట్ల లాటుగా నున్నచో, కొనుధరకు, అమ్ముధరకు నడుమ ఒక్క రూపాయి తేడా 75 రూపాయలకు సమానము. పట్టికలో కనబడు ఖర్చుకంటె పట్టికలో లేని ఖర్చు ఇరువదింతలకు పైబడినదన్నమాట! మార్కెట్ మేకర్ల కిచ్చు ప్రోత్సాహకములు ఈ తేడాను తగ్గించినచో అవి సామాన్యునికి మేలు చేసినట్లే. తేడాను తగ్గింపక, వ్యాపారపు రాశిని మాత్రము పెంచినచో, మేలు ఎక్స్ఛేంజికి, సభ్యునికి, నష్టము చిన్నవానికి. ఏ ప్రోత్సాహకమునైనను ఈ గీటురాతిమీదనే పరీక్షింపవలెను.

ఆ నష్టము ఎంతటిదో సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనము చూపుచున్నది. 2021-22 నుండి 2023-24 వరకు మూడు సంవత్సరములలో ఫ్యూచర్లు, ఆప్షనులలో దిగిన కోటికి పైబడిన వ్యక్తులలో 93 శాతమునకు నష్టమే. మొత్తము నష్టము 1.8 లక్షల కోట్ల రూపాయలను దాటినది. లావాదేవీల ఖర్చులకే వారు ఆ మూడేండ్లలో సుమారు 50,000 కోట్లు వెచ్చించిరి. అందులో 51 శాతము బ్రోకరేజి, 20 శాతము ఎక్స్ఛేంజి రుసుము. 2023-24లో వ్యాపారులలో 43 శాతము 30 ఏండ్ల లోపువారు. నాలుగింట మూడువంతులకు పైగా తమ వార్షికాదాయము 5 లక్షలకు లోబడినదని చెప్పినవారు. 72 శాతము మొదటి ముప్పది నగరములకు వెలుపలివారు. ఆ తరువాతి 2024-25లో నష్టపోయినవారు 91 శాతము. నష్టము 1,05,603 కోట్లు. ఈ అంకెలలో భిలాయి వంటి ఊళ్ల యువకులు ఎందరున్నారో ఆలోచించిన హృదయము కలత చెందక మానదు. వారి తండ్రులు కొలిమివేడిమిలో షిఫ్టులు చేసి కూడబెట్టిన సొమ్మది.

క్రిప్టో విషయమున జాగ్రత్త మరింత అవసరము. మన గుర్తింపు పొందిన స్టాక్ ఎక్స్ఛేంజీలలో క్రిప్టో ఫండు లేదు. దానిపై ఆప్షనును లేదు. రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్ 6న బ్యాంకులపై విధించిన క్రిప్టో ఆంక్షను సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసినను, 2022 ఏప్రిల్ 1నుండి క్రిప్టో లాభముపై 30 శాతము పన్ను, అదే జూలై 1నుండి బదిలీపై 1 శాతము మూలమందు కోత అమలులోనున్నవి. ఒకదాని నష్టమును మరొకదాని లాభములో తగ్గించుకొనుటకు వీలులేదు. విదేశములకు ఏటా 2,50,000 డాలర్ల వరకు పంపుకొనుటకు రిజర్వు బ్యాంకు అనుమతించినను, విదేశీ ఎక్స్ఛేంజీలకు మార్జిను చెల్లించుటకు ఆ సొమ్మును పంపరాదని నిబంధన స్పష్టముగనే యున్నది. ఈ మాట యాప్ ప్రకటనలలో చదివిన జ్ఞాపకము నాకు లేదు.

ప్లాంటులో పనిచేసినవారెవరును జీతపు చీటీని చూడక సంతకము చేసినవారు కారు. ఏ పేరుమీద ఎంత కోసిరో, అది న్యాయమో కాదో అడిగి తెలిసికొన్నవారే. ఆ శ్రద్ధయే కాంట్రాక్టు నోటుమీద చూపవలెను. బేరము ముగిసిన దినమున చేతికి వచ్చు ఆ నోటులో బ్రోకరేజి, ఎక్స్ఛేంజి రుసుము, సెక్యూరిటీల లావాదేవీ పన్ను, జి.ఎస్.టి., స్టాంపు సుంకము వేరువేరు వరుసలలో ఉండును. ఒక నెల నోట్లను కూడి, ఆ మొత్తమును లాభనష్టముల ప్రక్కన వ్రాసికొన్నచో చాలును. కొత్తగా ప్రకటించిన ప్రోత్సాహకము ఎవరికొరకో, రుసుము తగ్గింపు ఎవరివలన ఎవరికి చేరుచున్నదో ఆ లెక్కలోనే బయటపడును. ఆప్షనులలో దిగదలచిన ప్రతి యువకుడును, ఆ యువకునికి సొమ్ము సమకూర్చు ప్రతి తండ్రియును ఆ నోటును ఈ రాత్రియే ఎదుట పెట్టుకొని చదువవలెనని నా విన్నపము.