శ్రుతి దిద్దే యంత్రం, మన్యం పాట

చమురు కోసం వెతికేవాళ్లు బోరు గుంటలో డైనమైటు పేలుస్తారు. ఆ కుదుపు భూమి పొరలకు తగిలి తిరిగొస్తుంటే, నేల మీద వరసగా గుచ్చిన జియోఫోన్లు పట్టుకుంటాయి. మన్యంలో పారే సీలేరు నీళ్లు శబరిలో పడి, గోదావరితో వెళ్లి చేరే డెల్టాలో ఓఎన్‌జీసీ వాళ్లు ఇలాంటి సర్వేలే చేశారు. పాటగాళ్ల శ్రుతి సరిచేసే ఆటోట్యూన్‌కు పుట్టిల్లు ఈ విద్యే.

దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ చమురు కంపెనీ ఎక్సాన్‌లో భూకంపన సంకేతాలు చదివిన ఇంజనీరు. ఫ్లూట్ వాయించేవాడు. చమురు రంగం వదిలి రైస్ యూనివర్సిటీలో సంగీత రచన నేర్చుకున్నాడు. తను కూడా శ్రుతిలో పాడేలా ఓ పెట్టె చేసిపెట్టమని భోజనాల దగ్గర ఒకావిడ సరదాగా అడిగిందట. 1997లో ఆటోట్యూన్ మార్కెట్లోకి వచ్చింది.

గొంతు పలికేటప్పుడు ఒకే ఆకారపు అల మళ్లీ మళ్లీ వస్తుంది. 220 హెర్ట్జ్‌లో పాడితే ఒక్కో అలకు సుమారు 4.5 మిల్లీసెకన్లు. రికార్డయిన అలను కాస్త కాస్త జరుపుతూ దానితోనే పోల్చి, ఎక్కడ అతుకుతుందో పట్టుకునే లెక్క ఆటోకోరిలేషన్. భూమి పొరల నుంచి తిరిగొచ్చిన సంకేతాలు చదవడానికీ వాడేది ఈ లెక్కే. హిల్డెబ్రాండ్ ఆ లెక్కను బాగా కుదించి, పాడుతుండగానే జరిగేలా చేశాడు. అలా గొంతు ఏ శ్రుతిలో ఉందో తెలిశాక, దాన్ని దగ్గరి స్వరానికి జరపడమే మిగిలింది. ఎంత వేగంగా జరపాలన్నది మనమే పెట్టుకోవచ్చు. సున్నాకు తెస్తే గొంతు స్వరం నుంచి స్వరానికి గెంతుతుంది. 1998లో షేర్ పాడిన ‘బిలీవ్’ ఆ గెంతును లోకానికి వినిపించింది. నెమ్మదిగా పెడితే మాత్రం దిద్దినట్టు ఎవరికీ తెలియదు. నన్ను కలవరపెట్టేది ఇదే.

దిద్దడం అంతకుముందూ ఉంది. 1952లో ఫుర్ట్‌వాంగ్లర్ నడిపిన ‘ట్రిస్టాన్’ ఒపేరా రికార్డింగులో గాయని ఫ్లాగ్‌స్టాడ్ బదులు కొన్ని పై స్వరాలు ష్వార్జ్‌కాఫ్ పాడింది. టేపును బ్లేడుతో కోసి, మంచి ముక్కలు అతికించేవారు. సినిమా గాయని తనకు తెలిసి, తాను ఒప్పుకుని ఒక జారిన స్వరాన్ని సరిచేయించుకుంటే అందులో తప్పేమీ లేదు.

మన్యం పాట సంగతి వేరు. అక్కడి గిరిజనుల ధింసా ఆటకు మోరి అనే ఊదే వాద్యం, తుడుము, కిరిడి వాయిస్తారు. చేత్తో చేసిన మోరి కీబోర్డులోని పన్నెండు స్వరాలకు కట్టుబడి ఉండనక్కర్లేదు; దాని వెంట పాడే గొంతూ అంతే. సీలేరు ఊరి నుంచి ఒకామె స్టూడియోకు వచ్చి పాడిందనుకుందాం. తెర మీద ఆమె గొంతు వంకర గీతలా కనబడుతుంది. స్వరానికీ స్వరానికీ మధ్య ఆమె కావాలని నిలబడ్డ చోటు యంత్రానికి అపశ్రుతి. తోడి రాగంలో ఊగే గాంధారాన్నీ అది అలాగే లెక్కగడుతుంది. ఇంజనీరు ఒక్క మౌస్ నొక్కుతో గీతను సాపు చేస్తాడు. పాట చక్కగా వినబడుతుంది, కానీ తరాలుగా చెవి నుంచి చెవికి వచ్చిన ఆ చోటు రికార్డులో ఇక ఉండదు. రేపు ఆమె మనవరాలు ఫోన్‌లో విని నేర్చుకునేది ఈ సాపు పాటనే.

కిన్నెర మొగులయ్య గొంతును 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాటలో జనం నెత్తిన పెట్టుకున్నారు. గరుకు గొంతుకు చెవులొగ్గే శ్రోతలు మనకున్నారు. కాబట్టి శ్రోతల పేరు చెప్పి తప్పించుకోవడం కుదరదు. దిద్దకముందు, దిద్దాక, రెండూ ఆ సీలేరు గాయనికి వినిపించాలి. ఏది బయటికి వెళ్లాలో ఆమే చెప్పాలి. దిద్దిన పాటైతే ఆ సంగతి పాటతోపాటు రాయాలి. ముట్టుకోని మొదటి రికార్డింగు ప్రతి ఒకటి, ఆమె పేరుతో, ఊరి పేరుతో, తేదీతో, ఆమె ఇంటికే చేరాలి.