ప్రసార వార్తల ఆంగ్లంలో తెలుగు ఊరిపేరు: రఘునాథపల్లి ఉదాహరణగా ఒక పరిశీలన

పత్రికలోని ఆంగ్లవార్త అర్థం కాకపోతే పాఠకుడు వెనుకకు వెళ్లి మళ్లీ చదువుకోగలడు. రేడియో, టెలివిజన్ శ్రోతకు ఆ వెసులుబాటు లేదు. ఇందువల్ల తెలుగు మాతృభాషగా గల విలేకరికి ఎదురయ్యే చిక్కులను జనగామ జిల్లా రఘునాథపల్లి ఉదాహరణగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

హైదరాబాద్–వరంగల్ జాతీయ రహదారిపై ఉన్న ఈ మండల కేంద్రం వద్ద ఒక ప్రమాదం జరిగిందనుకుందాం. ‘లారీ బస్సును ఢీకొనడంతో ఇద్దరు గాయపడ్డారని పోలీసులు తెలిపారు’ అని తెలుగులో రాస్తాం. చెప్పినవారు వాక్యాంతంలో వస్తారు. అదే వరుసను ఆంగ్లంలోకి తెస్తే ‘పోలీస్ సెడ్’ చివర చేరుతుంది. ముద్రణలో అది చెల్లుతుంది. ప్రసారంలో మాత్రం ‘పోలీస్ సే’ అని మొదలుపెట్టడమే మేలు. లేనిచో సమాచారం ఎవరిదో తేలేలోగా శ్రోత దానిని వార్తాసంస్థ నిర్ధారణగా స్వీకరిస్తాడు. ఆరోపణల వార్తలలో ఈ తేడా మరింత ప్రమాదకరం.

ఉచ్చారణ విషయం ఇంకా సూక్ష్మమైనది. ఆంగ్ల లిపిలో ‘థ’ను టీ, హెచ్ అక్షరాలతో రాస్తారు. ఊరు ఎరుగని పాఠకుడు దానిని ‘పాత్’ అనే ఆంగ్లపదం చివరి ఊష్మధ్వనిగా పలుకుతాడు. ‘పల్లి’ చివర వై అక్షరం వాడితే అది ‘వ్యాలీ’కి ప్రాసపదమై ద్విత్వం పోతుంది. ఆంగ్లంలో ఊనిక పడని అక్షరాలు నలిగిపోవడం సహజం గనుక పేరులో చివరి భాగం స్పష్టంగా వినిపించదు. ఖమ్మం జిల్లాలో రఘునాథపాలెం కూడా ఉంది. బస్సులో తమవారు ఉన్న కుటుంబానికి ఆ చివరి రెండక్షరాలే ముఖ్యం.

బీబీసీ 1926లోనే ఉచ్చారణపై సలహా సంఘాన్ని నియమించింది. అంత ఏర్పాటు లేనిచోట కూడా విలేకరి చేయగల పని ఒకటుంది: ప్రతిలో ఊరిపేరు పక్కన తెలుగు లిపిలో దానిని రాయడం, తెలుగు రాని పాఠకునికి ఫోనులో పలికి వినిపించడం. ఇది చిన్న పనే గాని, గడువు తరుముతున్నప్పుడు మొదట వదిలేసేది కూడా ఇదే.

అయితే స్థానిక ఉచ్చారణనే ప్రమాణంగా తీసుకోవాలన్న నియమం అన్నిచోట్లా నిలవదు. జనగామను ఆంగ్లంలో ‘జన్‌గావ్’ అనే రూపానికి దగ్గరగా రాస్తారు. మహబూబాబాద్‌ను అక్కడివారు నేటికీ మానుకోట అంటారు. ఆంగ్లవార్తలో అధికారిక నామాన్ని మొదట చెప్పి, అవసరమైతే వాడుక పేరును ఒకసారి జోడించడం సమంజసం.