భుజము కోరే గడువు

కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి పోయే దారిలో, కోతలు ముగిసిన మడులలో, సెలవునాడు పిల్లలు చిర్రగోనె ఆడుతూ కనిపిస్తే ఒక్క నిమిషం నిలిచి చూడదగినది. సర్కారు జిల్లాలలో దీనినే బిళ్ళంగోడు అంటారు. చిర్రను లేపి కొట్టేవాని చేయి వెనుకకు పోయి, భుజం మీదుగా తిరిగి, ముందుకు దూసుకొనివచ్చే తీరును గమనించినవారికి గోల్ఫు ఆటను వేరుగా వర్ణించి చెప్పనక్కరలేదు. చిర్రకు బదులు బంతి, గోనెకు బదులు కొస వంగిన కర్ర. ఎంత తక్కువ దెబ్బలలో బంతిని దూరాన ఉన్న గుంటలో పడవేయగలరన్నదే అందులోని లెక్క. స్కాట్లండులో పెరిగిన ఈ ఆటకు కలకత్తాలో 1829లోనే క్లబ్బు ఏర్పడినది. కామారెడ్డిలోగాని ఎల్లారెడ్డిలోగాని దానికి మైదానం లేదు. చూడగోరినవారు నూరు కిలోమీటర్లకు మించి ప్రయాణంచేసి, గోలకొండ నయాఖిల్లాలోని పచ్చికబయళ్ళకు పోవలసినదే. అక్కడి వయోవృద్ధమైన ఏనుగుచెట్టు మాత్రం ఆట తెలియనివారికి కూడా ప్రయాణపు శ్రమను మరపింపజేస్తుంది.

చిర్రగోనె కానీ, గోల్ఫు కానీ, రెంటికీ ఆధారం భుజమే. అది బంతి-గిన్నె కీలు అని విద్యార్థులు చదువుకొన్నదే. అయితే తుంటిలో గిన్నె లోతుగా ఉంటుంది; భుజంలో అది చిల్లపెంకు వలె దాదాపు చదును. చేతి ఎముక గుండ్రని తలలో ఏ నాల్గవ వంతో, మూడవ వంతో మాత్రమే గిన్నెను తాకి ఉంటుంది. టీ అనే చిన్న మేకు నెత్తిన గోల్ఫు బంతి నిలిచినట్లు అని శస్త్రవైద్యులు దీనిని పోల్చడం కద్దు. జారిపోవలసిన ఆ బంతిని నాలుగు కండరాలు తమ స్నాయుబంధనాలతో నలువైపుల నుండి పొదివిపట్టుకొని ఉంటాయి. మానవుని చేయి ఇన్ని దిక్కులకు తిరగడం ఆ చదునైన గిన్నె చలవ. వయసు మళ్ళినపుడు ఆ స్నాయువులు అరిగి చిరగడం అదే చలవకు చెల్లించే సుంకం. కుడిచేతి వాటపు గోల్ఫు ఆటగానికి బాధ తరచుగా ఎడమ భుజాన వస్తుంది. కర్రను వెనుకకు ఎత్తినపుడు ఆ చేయి రొమ్ముకు అడ్డంగా లాగబడి కీలు నలుగుతుంది.

చిరిగినదానిని కుట్టడానికి నేడు పెద్ద కోత అక్కరలేదు. 1918లో జపాను వైద్యుడు కెంజి తకాగి ఒక సన్నని గొట్టంతో మోకాటి లోపలికి చూచిననాడు మొదలైన విద్య భుజానికి కూడా వచ్చినది. రెండు మూడు చిన్న రంధ్రాలతో పని ముగుస్తుంది. రోగి త్వరలోనే ఇల్లు చేరుతాడు. అసలు కష్టం ఇంటివద్దనే ఆరంభమవుతుంది. కుట్టు ఎముకకు స్నాయువును అంటిపెట్టి ఉంచుతుందే కాని, ఆ రెండూ ఒకటి కావడం శరీరం చేయవలసిన పని. స్నాయువుకు రక్తప్రసారం స్వల్పం కనుక ఆ పని నెలల తరబడి సాగుతుంది. నొప్పి ముందు పోతుంది, బలం తరువాత వస్తుంది. ఈ రెంటి నడుమ ఉన్న కాలమే ప్రమాదకరం. నాటువేసిన నారు పచ్చబడినది కదా అని వేరు పట్టినదో లేదో పీకి చూచే రైతు ఎల్లారెడ్డి ప్రాంతంలో ఉండడు. భుజం విషయంలో మాత్రం చదువుకొన్నవారు కూడా అదే చేస్తారు.

కుట్టు పడిన భుజాన్ని సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు జోలెలో ఉంచుతారు. వైద్యుడు అనుమతించిన పిమ్మట మొదటి సాధన చూడడానికి నవ్వు వచ్చేటంత చిన్నది. మంచి చేతిని బల్లకు ఆనించి నడుము వంచి నిలబడాలి. రెండవ చేతిని బావిలో చేద వలె వ్రేలాడనిచ్చి, ఒంటిని కదల్చి దానిని ఊగనివ్వాలి. భుజాన్ని గురించి 1934లో గొప్ప గ్రంథం వెలువరించిన బోస్టను వైద్యుడు కాడ్‌మన్ పేరుతో ఈ సాధన ప్రసిద్ధం. తరువాత వెల్లకిల పడుకొని రెండు చేతులతో ఒక కర్రను పట్టుకొని, మంచి చేయి రెండవదానిని తలవైపు నెట్టాలి. దానికి చిర్రగోనె కర్ర చాలు. తలుపుపైన గిలక కట్టి త్రాడు లాగడం మరొకటి. కామారెడ్డిలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. ఎంత గొప్ప కళాశాల ఉన్నా ఈ త్రాడును రోజుకు మూడు పూటలా లాగవలసినవాడు రోగియే.

వ్రేళ్ళతో గోడ ఎక్కడం అనే సాధన ఉపాధ్యాయులకు విశేషించి ఉపకరిస్తుంది. బల్లి ప్రాకినట్లు వ్రేళ్ళు గోడపై మెల్లగా పైకి పోవాలి. అందినచోట సుద్దముక్కతో గీత గీసి ఉంచాలి. వారం తరువాత గీత రెండంగుళాలు పైకి పోతే గొప్పే. నల్లబల్ల పైవరుసలో పాఠం పేరు వ్రాయగలగడం, ఎల్లారెడ్డి బస్సులో నిలబడి పైకమ్మీ అందుకోవడం, తల దువ్వుకోవడం: ఇవి ఏ పోటీకీ తీసిపోని విజయాలు.

గోల్ఫు ఆటగాని మెట్లూ ఇటువంటివే. సుమారు మూడు నెలలకు గుంట దగ్గర బంతిని మెల్లగా దొర్లించడం, ఆపైన అరచుట్టు దెబ్బలు, ఆరు నెలలకో ఇంకా తరువాతనో పొడవాటి కర్రతో నిండుదెబ్బ. ఆ క్రమాన్ని నిర్ణయించవలసినది భుజాన్ని చూచిన వైద్యుడే.

ఆస్ట్రేలియా దేశీయుడు గ్రెగ్ నార్మన్ చాలాకాలం ప్రపంచంలో మొదటి స్థానాన నిలిచిన గోల్ఫు వీరుడు. 1998 ఏప్రిల్‌లో, 43వ ఏట, అతని ఎడమ భుజానికి శస్త్రచికిత్స జరిగినది. ఏడు నెలలు పోటీలకు దూరంగా ఉన్నాడు. నవంబరులో స్టీవ్ ఎల్కింగ్టన్‌తో జతగా బరిలో దిగి గెలిచినాడు. మరుసటి ఏప్రిల్‌లో ఆగస్టాలో జరిగిన మాస్టర్స్ పోటీ చివరిదినాన, 13వ గుంటవద్ద, ఒక్క క్షణం అందరికన్నా ముందు నిలిచినాడు. తుదకు మూడవ స్థానం దక్కినది.

అందరికీ ఇంత త్వరగా కలిసిరాదు. అమెరికా దేశీయుడు జెర్రీ పేట్ 22వ ఏటనే, 1976లో, యు.ఎస్. ఓపెన్ గెలిచినవాడు. 1982లో భుజం దెబ్బతిన్నది. ఒకటికి పలుమార్లు శస్త్రచికిత్సలు జరిగినవి. ఏళ్ళు గడిచినవి, తోటివారు కప్పులు గెలుస్తూ ఉండగా అతడు పక్కకు తొలగి ఉండవలసివచ్చినది. 2006లో, ఏబదియేండ్లు పైబడినవారి పోటీలో, ఫ్లోరిడాలోని టాంపా వద్ద అతడు మళ్ళీ గెలిచినాడు. నడుమ గడిచినవి 24 సంవత్సరాలు.