తరగతి గదిలో ఈ-మెయిల్: పంపినవారు ఎవరో తెలుసుకోవడం ఎలా?

సూరత్ నుంచి ముంబయి వెళ్లే రైలు మార్గంలో ఉధ్నా తర్వాత వచ్చే స్టేషన్ భేస్తాన్. వస్త్ర పరిశ్రమలో పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి ఎన్నో చేనేత కుటుంబాలు సూరత్‌కు వచ్చి స్థిరపడ్డాయి. అందుకే ఇక్కడి నగర పాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. ఇలాంటి కుటుంబాలకు ఈ-మెయిల్‌తో ఒక సౌలభ్యం ఉంది. ఇల్లు మారినా, ఊరు మారినా, ఫోన్ నంబరు మారినా మెయిల్ చిరునామా మారదు. బదిలీ పత్రం నకలు, మార్కుల జాబితా ఎప్పుడు కావాలన్నా వెతికి తీసుకోవచ్చు.

అయితే, వచ్చిన మెయిల్ నిజంగా బడి నుంచే వచ్చిందా?

పోస్టుకార్డు లాంటిదే

1971లో అమెరికా ఇంజినీరు రే టామ్లిన్సన్ @ గుర్తు వాడి, ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు సందేశం పంపారు. మెయిల్ రవాణాకు నేటికీ ఆధారమైన ఎస్ఎంటీపీ నియమాలు 1982లో వచ్చాయి. అప్పటి నెట్‌వర్క్‌లో ఉన్నది ఎక్కువగా పరిశోధకులే. అందుకే పంపినవారి పేరును సరిచూసే ఏర్పాటు ఆ నియమాల్లో లేదు. పోస్టుకార్డుపై ‘ఫ్రం’ దగ్గర ఎవరి పేరు రాసినా పోస్ట్‌మ్యాన్ అడగడు కదా, ఇదీ అంతే.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి తర్వాత మూడు తనిఖీలు వచ్చాయి. ఒక సంస్థ పేరుతో మెయిల్ పంపే అనుమతి ఏ సర్వర్లకు ఉందో ఎస్‌పీఎఫ్ చెబుతుంది. మెయిల్ దారిలో మారలేదని డీకిమ్ అనే డిజిటల్ సంతకం చూపుతుంది. ఈ పరీక్షలు తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో డీమార్క్ నిర్దేశిస్తుంది. కానీ ఇవి సరిచూసేది @ తర్వాతి భాగాన్నే, మనిషిని కాదు. మోసగాడు బడి పేరును పోలిన మరో పేరు నమోదు చేసుకుంటే మూడు పరీక్షలూ దాటేస్తాడు. ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో ఆర్, ఎన్ పక్కపక్కన ఉంటే ఎమ్‌లా కనిపిస్తాయి. చివరి తనిఖీ మన కళ్లదే.

తరగతిలో చేయదగిన అభ్యాసం

ఉపాధ్యాయుడు ఒక నమూనా మెయిల్‌ను బోర్డుపై రాసి, పిల్లలతో మూడు చోట్ల గీత గీయించాలి: @ తర్వాతి భాగం, లింకు, తొందరపెట్టే మాట. ‘ఈ రోజే కట్టకపోతే స్కాలర్‌షిప్ రద్దు’ అని ఉంటే ముందే తెలిసిన నంబరుకు ఫోన్ చేసి అడగాలి. ఆ మెయిల్‌లోనే ఇచ్చిన నంబరుకు మాత్రం చేయకూడదు. పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరు అడిగినా చెప్పకూడదు.

పంపేటప్పుడు

- తల్లిదండ్రులందరికీ ఒకేసారి పంపితే చిరునామాలను బీసీసీ గడిలో పెట్టాలి. అప్పుడు ఒకరి చిరునామా మరొకరికి కనిపించదు.
- ‘5వ తరగతి, గణితం, ఇంటిపని’ అని సబ్జెక్టు స్పష్టంగా రాస్తే తర్వాత వెతకడం సులువు.
- తెలుగును యూనికోడ్‌లోనే టైపు చేయాలి. పాత ఫాంట్లలో టైపు చేసింది అవతలి ఫోన్‌లో అర్థంకాని గుర్తులుగా మారుతుంది.
- ప్రాథమిక తరగతుల పిల్లలకు తల్లిదండ్రుల ఖాతానే వాడాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే లెక్కిస్తుంది.

మోసపోయి డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. పిల్లవాడు పొరపాటున లింకు నొక్కితే తిట్టకూడదు. తిడతారన్న భయంతో దాచిపెడితే ఆ విలువైన సమయమే పోతుంది.